ఆ చివరి నాలుగు శాతం నీళ్ళు

నేను చదివింది కెమికల్ ఇంజినీరింగు, చేస్తున్నది జావా. మా బ్యాచ్‌లో సగం మందిది ఇదే కథ కాబట్టి కొత్తగా సిగ్గుపడేదేం లేదు. కానీ ఆ మధ్య మిత్రుడితో గూడెం కొత్తవీధి వెళ్ళినప్పుడు మాత్రం కొంచెం సిగ్గేసింది.

అక్కడో పెద్దాయన ఇప్పసారా కాస్తున్నాడు. (చట్టం సంగతి నన్నడక్కండి, నేను వాసన మాత్రమే చూశాను.) పులిసిన పువ్వున్న కుండ, దాని మీద ఇంకో కుండ, పైన చన్నీళ్ళ గిన్నె. కాలేజీ ల్యాబ్‌లో గాజు సామానుతో మేం చేసిందీ ఇదే. "తాతా, దీన్నే మళ్ళీ మళ్ళీ కాస్తే ఇంకా ఘాటెక్కుద్దా?" అన్నాను తెలివిగా. "ఎన్నిసార్లు కాస్తావు బాబూ, కట్టెలు దండగ" అన్నాడు.

అజియోట్రోప్ పాఠం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆల్కహాలుని మామూలుగా ఎంత కాచినా బరువులో సుమారు 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఆవిరిలో ఎంత నీరో, ద్రవంలోనూ అంతే. మన భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూపు. సారాకి ఆ గొడవ లేదు. పెట్రోల్లో కలిపేదానికి మాత్రం 99.5 శాతం దాకా పోవాలి. నీళ్ళు ఎక్కువుంటే ఆల్కహాలుని కూడా లాక్కుని ట్యాంకు అడుక్కి చేరతాయి. 2025లో మనదేశం పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపే దాకా వచ్చింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఒకప్పుడు బెంజీన్ కలిపి మళ్ళీ కాచేవాళ్ళు. క్యాన్సర్ తెచ్చే సరుకు అది. ఇప్పుడు ఎక్కువగా మాలిక్యులర్ సీవ్‌లు వాడుతున్నారు.

ఇంకో దారి పర్‌వాపరేషన్. పాలీవినైల్ ఆల్కహాల్ లాంటి, నీళ్ళంటే ఇష్టపడే పాలిమర్‌తో పల్చటి పొర చేస్తారు. ఒకవైపు వేడి ఆల్కహాలు, రెండోవైపు వాక్యూమ్. నీళ్ళు పొరలోకి ఇంకి, అవతల ఆవిరైపోతాయి. ఆల్కహాలు చాలావరకు ఇవతలే ఉండిపోతుంది. నూరు కిలోల్లో ఐదు కిలోల నీళ్ళు తీయాలంటే దాదాపు ఆ ఐదింటినే ఆవిరి చేస్తే చాలు, మిగతా తొంభై ఐదునీ కాచక్కర్లేదు. తాత చెప్పిన కట్టెల లెక్కే!

మరి మొదట్నుంచీ పొరలే పెట్టేయొచ్చుగా? కుదరదండీ. నీళ్ళు ఎక్కువుంటే పొర ఉబ్బుతుంది, ఉబ్బితే ఆల్కహాలూ జారిపోతుంది. ఉబ్బకుండా పాలిమర్ గొలుసుల్ని ఒకదానికొకటి గట్టిగా కట్టేస్తే నీళ్ళు పోయే వేగం పడిపోతుంది. అందుకే ముందు కాచి, చివర్లో పొర పెట్టాలి. డిస్టిలేషన్‌కి కాలం చెల్లిందని ఎవరైనా అంటే నమ్మకండి.

1980ల్లో ఈ పొరల్ని మార్కెట్లోకి తెచ్చింది జర్మనీ వాళ్ళే గానీ, ఇది మనకి సంబంధం లేని విషయం కాదు. హైదరాబాదు ఐఐసిటి వాళ్ళు 2005లోనే కైటోసాన్ పొరలతో ఐసోప్రొపనాల్ లోంచి నీళ్ళు తీసిన పని ప్రచురించారు. కైటోసాన్ రొయ్య పెంకుల్నుంచి వస్తుంది. రొయ్యలు మన కోస్తావి. ఇలాంటి సాల్వెంట్లు వాడే మందుల ఫ్యాక్టరీలు జీడిమెట్ల, పటాన్‌చెరుల్లో ఉన్నాయి. వాటికీ అదే చిక్కు: వాడేసిన ఐసోప్రొపనాల్‌ని ఎంత కాచినా సుమారు 12 శాతం నీళ్ళు వదలవు.

నా మటుకు ఈ పొరలు ఇథనాల్ కంటే ముందు ఇక్కడికే రావాలి. పెద్ద ఇథనాల్ ప్లాంటుకి సీవ్‌లు సరిపోతున్నాయి. తరచూ సాల్వెంటు మార్చే చిన్న ఫ్యాక్టరీకి, వేరే రసాయనం కలపకుండా, కావలసినన్ని మాడ్యూళ్ళు తగిలించుకునే యూనిట్ నయం. ఒక్కడికి భారమైతే నలుగురు కలిసి పెట్టుకోవచ్చు.

అన్నట్టు, ఫైనలియర్‌లో నా సెమినార్ టాపిక్ ఇదే. పది స్లైడ్లు చూపించి, మర్నాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్ ఇంటర్వ్యూకి పోయాను. పాత హార్డ్ డిస్కులో ఉన్నాయేమో వెతకాలి.