ఎక్స్‌పైర్ అయ్యారా, ప్రాణం విడిచారా?



ఈమధ్య మన ఊళ్లలో చావు కబురు చెప్పాలంటే చాలామంది నోట ఒకటే మాట: "ఫలానా తాతగారు ఎక్స్‌పైర్ అయ్యారు." వాట్సాప్ గ్రూపులోనూ ఇదే. చనిపోయారు అనడానికి నోరు రాక, మర్యాద కోసమే అలా అంటారని మాకు తెలుసు. అయినా ఈ మాట గురించి ఒక్కసారి ఆలోచించమని కోరుతున్నాము.

ఇదే మాట మందుబిళ్ళల అట్ట మీద ఉంటుంది. ఫోను రీఛార్జి అయిపోయినా ఇదే మాట. అంటే గడువు తీరింది, ఇక పనికిరాదు అని. బిళ్ళలకు అనే మాటనే తాతగారికీ అంటుంటే, వినే పిల్లల మనసులో ఏమి నాటుకుంటుంది?

నిజానికి ఆ మాట పుట్టుక వేరు. అది లాటిన్ నుండి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మొదటి అర్థం ఊపిరి బయటికి విడవడం. డాక్టర్లు నేటికీ ఊపిరి వదలడాన్ని ఎక్స్‌పిరేషన్ అనే అంటారు.

వాక్యం చెప్పేదీ ఊపిరి సంగతే. ఆదికాండము 2:7లో మంటితో చేసిన మనిషికి దేవుడే ఊపిరి ఊదాడు. ప్రసంగి 12:7 ప్రకారం ఆత్మ ఇచ్చినవాని దగ్గరికే తిరిగి వెళ్తుంది. లూకా 23:46లో మన ప్రభువు తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించి ప్రాణం విడిచాడు. అక్కడున్న గ్రీకు మాటకు అర్థం కూడా ఊపిరి విడిచాడనే. ఆయన గడువు తీరి పోలేదు, అప్పగించి వెళ్లాడు.

అందుకే మన పెద్దల మాటలే మేలని మా అభిప్రాయం. "ప్రాణం విడిచారు" అంటే ఆ ప్రాణం ఇచ్చినవాడు గుర్తొస్తాడు. "ప్రభువునందు నిద్రించారు" అంటే లేపేవాడు గుర్తొస్తాడు.

అయితే మాట మార్చుకుంటే సరిపోదు. మూలన మంచం మీద ఉన్న ముసలివారిని, ఊపిరి ఆడుతుండగానే గడువు తీరినవారిలా చూసే ఇళ్లు మన సంఘాల్లో లేవా? వారితో పది నిమిషాలు మాట్లాడేవారు ఉండరు. ఆదివారం చేయి పట్టుకుని గుడికి తెచ్చేవారు ఉండరు. పోయాక మాత్రం పెద్ద ఫ్లెక్సీ కడతాము!

దేవుడు ఊదిన ఊపిరి ఆయన తిరిగి తీసుకునేదాకా పనికిరానిది కాదు. ఈ వారం ఆ మంచం పక్కన కూర్చోండి. వారి కోసం మీరు ప్రార్థించడమే కాదు, మీ కోసం వారిచేత ప్రార్థన చేయించుకోండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.