వృత్తి మారి టీచర్లు కాదలచిన సభ్యులకు సంఘం తోడ్పాటుపై తీర్మానం

అట్లాంటా ఉత్తర శివారు తెలుగు కుటుంబాల సంఘం సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం ప్రతిపాదించగా, మహిళా విభాగం బలపరచగా, చర్చ అనంతరం ఆమోదించినది.

సభ్యుల్లో సాఫ్ట్‌వేర్, బ్యాంకు, ల్యాబ్ ఉద్యోగాలు చేసినవారు, పిల్లలు పుట్టాక ఇంటిపట్టున ఉండిపోయినవారు, ఉద్యోగం పోయి వేరే దారి వెతుక్కుంటున్నవారు పలువురు ఇక్కడి ప్రభుత్వ బడుల్లో టీచర్లుగా చేరాలనుకుంటున్నట్టు ఈ సమావేశం గుర్తించింది. అలా చేరినవారికి సంఘం ఇంతవరకూ ఉగాది వేదిక మీద శాలువాలు కప్పింది. చేరడానికి పాట్లు పడుతున్నవారికి చేసిందేమీ లేదు.

అమెరికాలో టీచింగ్ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే గాని కేంద్రం కాదు. జార్జియాలో ఆ పని ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ కమిషన్ చూస్తుంది. కాబట్టి టెక్సాస్‌లోని బావగారో న్యూజెర్సీలోని పిన్నిగారో చెప్పిన దారి ఇక్కడ చెల్లకపోవచ్చు. బి.ఇడి. లాంటిది లేకుండా వేరే డిగ్రీతో వచ్చేవారికి ఇక్కడ ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. ఒకటి ‘టాప్’. ఇందులో ముందు బడిలో ఉద్యోగం దొరకాలి, శిక్షణ ఆ ఉద్యోగం చేస్తూనే సాగుతుంది. రెండోది మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్, అందరూ ఎం.ఏ.టి. అనేది. సబ్జెక్టు తెలిసినవారికి పాఠం చెప్పడం నేర్పాలన్న ఉద్దేశంతో 1936లో జేమ్స్ బ్రయాంట్ కోనంట్ అధ్యక్షుడిగా ఉండగా హార్వర్డ్‌లో మొదలైన డిగ్రీ ఇది. ఇక్కడి జీతాల పట్టికలో బ్యాచిలర్స్‌తో వచ్చే టి-4 కంటే మాస్టర్స్‌తో వచ్చే టి-5 ఒక మెట్టు పైది కనుక సభ్యుల మొగ్గు దీనివైపే ఉంది.

ఎం.ఇడి. విషయంలో మాత్రం మనవాళ్లు తరచూ మోసపోతున్నారు. ఇక్కడి ఎం.ఇడి. కోర్సుల్లో చాలావరకు అప్పటికే సర్టిఫికెట్ ఉన్న టీచర్ల కోసం పెట్టినవి. ఫీజు కట్టి, రాత్రిళ్లు కూర్చుని ఆన్‌లైన్‌లో పూర్తి చేస్తే డిగ్రీ చేతికొస్తుంది, సర్టిఫికెట్ రాదు. చేరే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “ఈ కోర్సు జార్జియాలో మొదటి సర్టిఫికెట్‌కు ఆమోదం పొందినదేనా?” ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇండియా డిగ్రీలున్నవారికి చిక్కు అంతకు ముందే మొదలవుతుంది. మూడేళ్ల బి.ఎస్సీ., బి.కాం.లను ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా లెక్కించని మదింపు సంస్థలు చాలా ఉన్నాయి. పైన ఎం.ఎస్సీ.నో ఎం.సి.ఏ.నో ఉంటే లెక్క సరిపోవచ్చు, లేకుంటే అదనపు కోర్సులు తప్పవు. ఇక ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ ముద్రతో సీల్డ్ కవరులో రావాలంటారు. వాటికోసం డెబ్బై ఏళ్ల నాన్నగారు మార్కుల మెమోల జిరాక్సులు పట్టుకుని ఎగ్జామినేషన్ బ్రాంచి కిటికీ దగ్గర నిలబడుతున్నారు. కవరు ఇంటికి తెచ్చాక అన్నీ ఉన్నాయో లేదోనని ప్రేమకొద్దీ విప్పి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అయితే అసలు ముడి ట్యూషన్ ఫీజులో లేదు, స్టూడెంట్ టీచింగ్‌లో ఉందని ఈ సమావేశం అభిప్రాయపడుతోంది. సబ్జెక్టులో ‘గేస్’ అనే రాష్ట్ర సర్టిఫికెట్ పరీక్ష, నీతి నియమాల పరీక్ష, వేలిముద్రల తనిఖీ ఎలాగోలా గట్టెక్కేవే. మామూలుగా చివరి సెమిస్టరులో మాత్రం ఒక సీనియర్ టీచర్ గదిలో రోజంతా పనిచేయాలి. పొద్దున్నే బస్సులు దిగే పిల్లలతో మొదలై సాయంత్రం దిద్దుబాట్లతో ముగుస్తుంది. సాధారణంగా దానికి జీతం ఉండదు. పగటి ఉద్యోగం వదులుకోవాలి, సొంత పిల్లలను బడి నుంచి తేవడానికి మరొకరు కావాలి. కోర్సు దాదాపు పూర్తిచేసి ఇక్కడ ఆగిపోయినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. కేంద్రమిచ్చే టీచ్ గ్రాంటు ఏటా 4,000 డాలర్ల వరకు వస్తుంది గాని అది పౌరులకు, గ్రీన్‌కార్డు లాంటి అర్హత ఉన్నవారికే. పైగా అల్పాదాయ ప్రాంతపు బడిలో, కొరత ఉన్న సబ్జెక్టులో నాలుగేళ్లు పనిచేస్తామన్న మాట ఎనిమిదేళ్లలోగా నిలబెట్టుకోకపోతే ఆ గ్రాంటు వడ్డీతో సహా అప్పుగా మారుతుంది.

కావున ఈ సమావేశం కింది విధంగా తీర్మానించింది.

ఉగాది వేడుకలకు వచ్చే అతిథుల విమాన టికెట్లకు ఏటా కేటాయించే మొత్తంలో నాలుగో వంతును ప్రత్యేక నిధిగా ఉంచి, స్టూడెంట్ టీచింగ్ సెమిస్టరులో ఉన్న సభ్యులకు వడ్డీ లేని చేబదులుగా ఇవ్వాలి. ఉద్యోగంలో చేరిన ఏడాది తర్వాత వాయిదాల్లో తిరిగి తీసుకోవాలి. ఆ సెమిస్టరంతా వారి పిల్లలను బడి నుంచి తెచ్చి సాయంత్రం దాకా చూసుకునే బాధ్యతను ఇరుగుపొరుగు సభ్య కుటుంబాలు వంతులవారీగా తీసుకోవాలి. సెలవులకు ఇండియా వెళ్లే సభ్యులు ఆథరైజేషన్ లెటరుతో ఇతరుల ట్రాన్స్‌క్రిప్టులు కూడా తెచ్చేలా విద్యా ఉపసంఘం ఏర్పాటు చేయాలి. మదింపు నివేదిక చేతికి రాకముందే అడ్మిషన్ ఫీజు కట్టవద్దని ప్రతి సభ్యునికీ తెలియజేయాలి.

వీసా సంగతి దాచకుండా చెప్పాలి. హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు, జీతానికి పనిచేయాలంటే ఈఏడీ అనే పని అనుమతి ఉండాలి. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం అది ప్రధానంగా భర్తకో భార్యకో ఐ-140 అనే గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదమైనవారికే దొరుకుతుంది. ఈఏడీ లేకుండా ‘టాప్’ దారి లేనట్టే. ఆశపెట్టి డబ్బు ఖర్చు చేయించడం సంఘానికి తగదు.

చేబదులు తిరిగి రాకపోతే ఎవరు జవాబుదారీ అని కోశాధికారి అభ్యంతరం తెలిపారు. దానిపై ప్రతి చేబదులుకూ ఇద్దరు సభ్యుల హామీ ఉండాలన్న సవరణను చేర్చడమైనది. అతిథుల టికెట్ల కోతను సాంస్కృతిక విభాగం వ్యతిరేకించింది, వారి అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయడమైనది. సవరణతో కూడిన తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందింది. ఆగస్టు మొదట్లో బడులు తెరిచేలోగా నిధి నియమావళిని సిద్ధం చేసి కార్యవర్గం ముందుంచాలని విద్యా ఉపసంఘాన్ని ఆదేశించడమైనది.