పోలీసు స్టేషన్ కాదు... సోల్డరింగ్ స్టేషన్!

మొన్న పొద్దున్నే విజయవాడ నుంచి అక్క ఫోను. ‘‘ఒరేయ్, పోలీసు స్టేషన్ తెలుసు, రైల్వే స్టేషన్ తెలుసు, రేడియో స్టేషన్ తెలుసు. ఈ సోల్డరింగ్ స్టేషన్ ఏంట్రా? నీ మేనల్లుడు అది లేకపోతే అన్నం తిననంటున్నాడు. మూడు వేలట!’’

మావాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం. సెలవులొస్తే వీధి చివర టీవీ మెకానిక్ దగ్గరే కాపురం. అక్క కోపానికి అసలు కారణం మూడు వేలు కాదు. కిందటి నెల పక్కింటివాళ్ల ఎల్‌ఈడీ టీవీ ఆన్ కావట్లేదంటే ‘నేను చూస్తానాంటీ’ అని విప్పాడు. పవర్ బోర్డులో ఓ కెపాసిటర్ ఉబ్బి ఉంది. జబ్బు సరిగ్గానే పట్టుకున్నాడు. వైద్యమే వికటించింది. కెపాసిటర్ తీస్తుంటే దాంతోపాటు బోర్డు మీది రాగి రేకు కూడా లేచి వచ్చేసింది. ఆవిడ వద్దంటున్నా వినకుండా కొత్త బోర్డుకి బావ రెండున్నర వేలు కట్టాడు. ఆ నెల ఇంట్లో గ్యాస్ బండకు వెతుక్కోవాల్సి వచ్చింది.

‘‘ఉన్న ఐరన్‌తోనే ఇంత నిర్వాకం చేశాడు. ఇంకా ఎక్కువ వేడెక్కేది కొనిస్తే ఇల్లు తగలెయ్యడూ?’’ అన్నది అక్క వాదన.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ సంగతి తలకిందులు. ఆ బోర్డు పాడైంది వేడి ఎక్కువై కాదు, చాలక!

దోసెలు పోసేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పల్చటి రేకు పెనం చిటికెలో వేడెక్కుతుంది. పిండి పొయ్యగానే అంతే తొందరగా చల్లారిపోతుంది. దోసె అతుక్కుంటుంది, అట్లకాడతో గీకితే చిరుగుతుంది. అదే మందపాటి ఇనప పెనమైతే పిండి పడ్డా తొణకదు. టంకం పనీ ఇంతే. మావాడి చేతిలో ఉన్నది 25 వాట్ల మామూలు ఐరన్. ఖాళీగా ఉన్నప్పుడు దాని బిట్టు బ్రహ్మాండంగా కాలుతుంది. టీవీ బోర్డులో వెడల్పాటి రాగి పట్టీకి ఆనించేసరికి ఆ రాగి వేడినంతా లాగేసుకుంటుంది. టంకం కరగదు. మావాడు అలాగే నొక్కిపట్టాడు. పది సెకన్లు, ఇరవై, ముప్ఫై... రాగిని బోర్డుకు అంటిపెట్టుకునే జిగురు ఈలోగా మెత్తబడింది. టంకం పూర్తిగా కరక్కముందే కెపాసిటర్ పట్టి లాగాడు. చిరిగిన దోసె!

మరి వాళ్ల గురువుగారు ఏళ్లతరబడి అలాంటి ఐరన్‌తోనే నెట్టుకొచ్చారుగా? నిజమే. ఆయన నేర్చుకున్న రోజుల్లో రేడియోలూ డబ్బా టీవీల బోర్డులు వేరు. సన్నటి రాగి గీతలు, వాటి మీద తగరం సీసం కలిసిన టంకం. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిస్తే 183 డిగ్రీల సెల్సియస్‌కే నీళ్లలా కరుగుతుంది. 2006 జులై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకానికి కళ్లెం వేసింది. ప్రపంచమంతటికీ సరుకు పంపే ఫ్యాక్టరీలు దేశానికో రకం టంకం వాడలేవు కదా... క్రమంగా సీసం లేని టంకానికి మళ్లాయి. తగరం, వెండి, రాగి కలిపిన ఆ రకం కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. పైగా ఇప్పటి కంప్యూటర్, టీవీ బోర్డుల్లో ఎర్త్ కోసం వెడల్పాటి రాగి పరుపులుంటాయి. వేడి ఎంత పోసినా తాగేస్తాయి. అయినా గురువుగారు లాక్కొస్తున్నారంటే అది చేతి చలవ. పాత టంకం మీద ముందు కాస్త కొత్త సీసం టంకం కరిగించి, రెండూ కలిసి మెత్తబడ్డాక అప్పుడు తీస్తారు. మావాడికి ఆ కిటుకు ఇంకా అబ్బలేదు.

ఇంతకీ స్టేషన్ అంటే... ఐరన్ ఒకటి, దానికి విడిగా ఓ డబ్బా. బిట్టు దగ్గర ఓ చిన్న సెన్సర్ ఉంటుంది. వేడి తగ్గిందని అది చెప్పగానే డబ్బా ఎక్కువ కరెంటు పంపుతుంది, సరిపోగానే ఆపుతుంది. పొయ్యి దగ్గర అమ్మ నిలబడి మంట పెంచుతూ తగ్గిస్తూ ఉన్నట్టన్నమాట. అందుకే చూడాల్సింది ‘ఎన్ని డిగ్రీల దాకా వెళ్తుంది’ అని కాదు. అన్నీ 450 దాకా వెళ్తామనే చెబుతాయి. ఎవరూ అంత వాడరు. సీసం టంకానికి 320 నుంచి 350, సీసం లేనిదానికి ఇంకో 20, 30 డిగ్రీలు చాలు. పోయిన వేడి ఎంత తొందరగా తిరిగొస్తుందన్నదే అసలు పరీక్ష. దానికి కనీసం 60 వాట్లయినా ఉండాలి.

శనివారం మావాణ్ని హైదరాబాద్ రమ్మన్నా. ఎలక్ట్రానిక్స్ విడిభాగాలంటే మనకు కోఠి గుజరాతీ గల్లీయే కదా... చెన్నైవాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరువాళ్లకు ఎస్పీ రోడ్ ఎలాగో అలాగ. బస్సు దిగినవాడు సంచిలోంచి పాత కంప్యూటర్ మదర్‌బోర్డు తీశాడు. ‘‘దీనిమీద పెట్టి చూసి కొందాం మామయ్యా’’ అన్నాడు. పక్కింటి టీవీ పాఠం బాగానే ఒంటబట్టింది!

మొదటి కొట్లో నీలం రంగు అంకెలతో మెరిసిపోతున్న ఓ స్టేషన్ చూపించారు. 350 పెట్టాం. నిమిషంలో తెర మీద 350 వచ్చింది. మదర్‌బోర్డు మీద లావుపాటి కాలొకటి చూసి బిట్టు ఆనించాడు. టంకం జావలా అయింది తప్ప కరగలేదు. బిట్టు అక్కడే అతుక్కుంది. అంకె మాత్రం 350 దగ్గర కదల్లేదు! అంటే అది చూపిస్తున్నది బిట్టు వేడి కాదు, మనం కోరుకున్న వేడి. రెండో కొట్లో తెరే లేదు, తిప్పే నాబ్ మాత్రమే. రూపం పాతకాలపుది. అదే కాలి మీద పెడితే నాలుగైదు సెకన్లలో టంకం తళుక్కున కరిగింది.

తెర లేకపోతే పనికిరాదనుకోవద్దు. వెల్లర్ కంపెనీవాళ్ల పాత మాగ్నాస్టాట్ ఐరన్లకు తెర కాదు కదా, నాబ్ కూడా ఉండేది కాదు. బిట్టు వెనక ఓ అయస్కాంత లోహపు ముక్క ఉంటుంది. ఫలానా వేడికి అది అయస్కాంత గుణం కోల్పోతుంది, లోపలి స్విచ్ వదిలేస్తుంది, కరెంటు ఆగిపోతుంది. చల్లబడగానే మళ్లీ పట్టుకుంటుంది. బిట్టు మీద 7 అని ఉంటే 700 డిగ్రీల ఫారన్‌హీట్ అని అర్థం. వేడి మార్చాలంటే బిట్టే మార్చుకోవాలి. వీటితో ఫ్యాక్టరీలే నడిచాయి.

మేం చూసిన రెండో స్టేషన్ ‘936’ రకం. జపాన్‌లోని హాకో కంపెనీ 936 పేరుతో చేసిన మోడల్‌కి నకలు. అసలుదాన్ని హాకో ఎప్పుడో మానేసి ఎఫ్‌ఎక్స్-888 తెచ్చింది. నకళ్లు మాత్రం రకరకాల పేర్లతో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అసలు హాకో కొనగలిగితే మంచిదే, కానీ పది వేలు పైమాట. విద్యార్థికి అంత అక్కర్లేదని నా అభిప్రాయం. నకలులో కలిసొచ్చేది బిట్లు. ఆ రకం బిట్లు ఏ గల్లీలోనైనా దొరుకుతాయి, చవక కూడా. ఇది చిన్న విషయం కాదు. అందమైన స్టేషన్ కొని ఆర్నెల్ల తర్వాత దాని బిట్టు దొరక్క అటకెక్కించినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. టీ12 రకం ఇంకోటి ఉంది. అందులో బిట్టూ హీటరూ సెన్సరూ అన్నీ ఒకే ముక్క. వేడి ఇంకా తొందరగా అందుతుంది. కాకపోతే బిట్టు మార్చాలంటే మొత్తం ముక్క కొనాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. చేయి తిరిగాక అటు వెళ్లొచ్చు. వేడిగాలి గొట్టం కూడా జతచేసి అమ్మేవి కనిపిస్తాయి. సెల్‌ఫోన్ల చిప్పులు తీసేవాళ్లకే దాంతో పని. మావాడికి ఇప్పుడే వద్దన్నా.

నకళ్లతో ఒక చోట మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఎర్తింగ్! మంచి 936 రకంలో డబ్బాలోని ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 24కి దించి చేతిలోని ఐరన్‌కి పంపుతుంది. అందుకే డబ్బా బరువుగా ఉంటుంది. చవకరకం కొన్నింటిలో లోపల ఉండేది ఫ్యాను రెగ్యులేటర్ లాంటి సర్క్యూటే. 230 వోల్టులూ నేరుగా చేతిలోకి వస్తాయి. పేరుకే స్టేషన్. కొట్లోనే మల్టీమీటర్ అడిగి, ప్లగ్గు పెట్టకముందే చూసుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి ఎర్త్ పిన్నుకీ బిట్టు మొనకీ మధ్య ఒకటి రెండు ఓమ్స్ మించకూడదు. మిగతా రెండు పిన్నులకూ బిట్టుకూ అసలు సంబంధమే ఉండకూడదు. మేం చూసిన మొదటి ముక్కలో బిట్టుకీ ఎర్త్‌కీ లంకె లేదు. వేరేది తెప్పించుకున్నాం. ఇంట్లో ప్లగ్గు పాయింటుకే ఎర్త్ లేకపోతే ఇదంతా దండగ. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు అది చూపించమని బావకు చెప్పా.

బిట్టు దగ్గరా ఓ పొరపాటు జరుగుతుంటుంది. చిన్న పని కదా అని సూదిలాంటి మొన ఎంచుకుంటారు. సూది మొనకు బోర్డు తగిలేది ఆవగింజంత చోటే, వేడి దిగదు. రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న ఉలి ఆకారం బిట్టు తీసుకుంటే నూటికి తొంభై పనులు దాంతోనే అయిపోతాయి. ఇంకోటి, పాత ఐరన్ల బిట్టు ఉట్టి రాగి. గుంటలు పడితే ఆకురాయితో అరగదీసేవారు. ఇప్పటి బిట్లకు రాగి మీద ఇనుము పూత ఉంటుంది. గురువుగారి అలవాటుకొద్దీ దీన్నీ గీకారో, పూత పోయి టంకమే బిట్టుని తినేస్తుంది. తడి స్పాంజితోనో ఇత్తడి పీచుతోనో తుడిచి, ఆపేముందు మొన మీద కాస్త టంకం వదిలేస్తే చాలు.

ఇక అక్క అసలు భయం... సీసం. పని చేసే వేడికి సీసం ఆవిరై గాల్లోకి లేవదు. ఆ పొగ టంకం తీగ లోపలుండే రోజిన్‌ది, అంటే పైన్ చెట్ల బంకది. అలాగని పీల్చేది కాదు, ఉబ్బసం తెప్పించగలదు. కిటికీ తెరిచి, ఫ్యాను పొగని బయటికి నెట్టేలా పెట్టుకోవాలి. సీసం చేరేది చేతుల ద్వారా. కాబట్టి అన్నం తినే బల్ల మీద ఈ పని వద్దు. మధ్యలో మురుకులు నమలొద్దు. లేవగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చంటిపిల్లలున్న ఇంట్లో రాలిన ముక్కలన్నీ ఏరాల్సిందే. మావాడికి గురువుగారు ఇంకో చీవాటు కూడా పెట్టారట. టీవీ పవర్ బోర్డులో పెద్ద కెపాసిటర్ ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులు దాచుకోగలదు. దాన్ని ఖాళీ చెయ్యకుండా చెయ్యి పెట్టాడు. రాగి రేకు లేచిందని ఏడుస్తున్నాం కానీ, ఆ రోజు అదృష్టవంతుడు.

స్టేషన్‌కి పద్దెనిమిదొందలైంది. మిగతా డబ్బుతో ఒక ఉలి బిట్టు, 63-37 రకం టంకం తీగ, రోజిన్ డబ్బా, టంకం పీల్చే పంపు కొనుక్కున్నాడు. కొళాయి పనివాళ్లు వాడే పేస్టు చవగ్గా వస్తుందని కొట్టతను అన్నాడు కానీ వద్దన్నా. అందులో ఆమ్లం ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ రాగి గీతల్ని తినేస్తుంది.

నిన్న రాత్రి అక్క ఫోను చేసింది. పాతసామాన్ల కొట్టు నుంచి కిలోల లెక్కన పాడైన బోర్డులు తెచ్చుకున్నాడట. రోజుకు పాతిక కాళ్లు తీసి మళ్లీ పెడుతున్నాడట. రేకు లేవని రోజున క్యాలెండర్ మీద టిక్కు కొడుతున్నాడట. ఇప్పటికి నాలుగు టిక్కులు. పక్కింటి టీవీ పాత బోర్డు ఇంకా వాళ్ల అటక మీదే ఉంది. లేచిపోయిన రేకు చోట సన్నటి తీగతో అతుకు వేస్తే బతకొచ్చని గురువుగారు అన్నారట. ‘‘ఈ ఆదివారం మొదలుపెట్టనా మామయ్యా?’’ అని వెనకనుంచి అరుస్తున్నాడు.

పది టిక్కులు పడ్డాక చూద్దాం అన్నా.