మా బస్తీకి సాయంత్రం రండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

హైదరాబాద్‌లోని ఒక బస్తీలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నదాన్ని. మా మహిళా ఆరోగ్య సమితిలో సభ్యురాలిని.

2018లో బస్తీ దవాఖానాలు వచ్చినప్పుడు మేమంతా సంతోషపడ్డాం. అంతకుముందు జ్వరమొస్తే కూలి పోగొట్టుకుని ఉస్మానియాకో గాంధీకో పోయి లైన్లో నిలబడేవాళ్లం. లేదంటే సందు చివర ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేవాళ్లం. ఇప్పుడు నడిచిపోయే దూరంలో డాక్టరు, నర్సు ఉన్నారు. గోలీలకు, రక్త పరీక్షకు రూపాయి అడగరు. ఇది చిన్న మేలు కాదు.

అయితే మా దవాఖానా ఉదయం 9కి తెరిచి సాయంత్రం 4కి మూస్తారు. ఆ వేళలో బస్తీలో ఉండేది ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లలు. మా పక్కింటామె నాలుగిళ్లలో పని చేస్తుంది. పొద్దున ఆరున్నరకు పోతే ఐదు దాటాకే వస్తుంది. ఆమెకు బీపీ. గోలీలు తెచ్చుకోవాలంటే ఒక పూట పని మానాలి. రెండుసార్లు మానితే ఆ ఇంట్లో ఇంకొకరు చేరతారు. అందుకే నెల మందును రెండు నెలలు లాగుతోంది. ఒకరోజు నా కళ్లముందే స్టీలు డబ్బా మూత మీద గోలీ పెట్టి చాకుతో కోసింది. సగం నోట్లో వేసుకుని, మిగతా సగం కాగితంలో చుట్టి దాచింది. "తల తిరుగుతలేదు కదక్కా, సగం సాలు" అంది. రిజిస్టరులో మాత్రం ఆమె మందు వాడుతున్నట్టే ఉంటుంది. బీపీ నొప్పి పెట్టదు కదా. కాలూ చెయ్యీ పడిపోయిన రోజునే చాలామందికి దాని సంగతి తెలుస్తుంది. ఆ రోజుతో ఇల్లు గడవడమూ ఆగిపోతుంది.

మా ఆశా అక్క పగలు వస్తుంది, తాళాలు చూసి వెళ్తుంది. తప్పు ఆమెది కాదు. పట్టణాల్లో ఒక్కో ఆశా మీద వెయ్యి నుంచి రెండున్నర వేల మంది భారం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను సత్కరించింది. సత్కారం సరే, సాయంత్రాలు తిరగమంటే ఆ గంటలకు విడిగా డబ్బివ్వాలి, తోడు మనిషినివ్వాలి. ఆ తోడు మేమే కావచ్చు. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో ఆరోలే దంపతులు 1970 నుంచి చేసిన పని చూడండి. చదువురాని ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేశారు. మా సమితి ఆడవాళ్లకూ బీపీ చూడటం నేర్పండి, మేం సిద్ధంగా ఉన్నాం.

వారానికి రెండు సాయంత్రాలైనా దవాఖానా తొమ్మిది దాకా తెరిచి ఉంచండి. బీపీ కుదురుగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల గోలీలు ఒకేసారి ఇప్పించండి. పొద్దున్నే లేబర్ అడ్డాల దగ్గరికి నర్సును పంపండి. పాలమూరు నుంచి, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కూలీలు మేస్త్రీ పిలుపు కోసం అక్కడ గంటల తరబడి నిలబడతారు. ఇవాళ ఒక చోట, రేపు ఒక చోట ఉండే ఈ మనుషులు ఏ ఆశా జాబితాలోనూ సరిగా ఎక్కరు. అన్నిటికన్నా ముందు, దవాఖానాకు ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు వాయిదా దాటినా రానివాళ్లెవరో కూడా రాయించండి. వాళ్ల ఇల్లు మేం చూపిస్తాం.

ముందుగా కబురు చేయకుండా ఒకరోజు రాత్రి ఏడింటికి ఏదైనా బస్తీకి రండి. అప్పుడు అందరం ఇళ్లలోనే ఉంటాం. దవాఖానాకు తాళం వేసి ఉంటుంది.

ఇట్లు,
ఒక బస్తీవాసి