రాగం అందుకునేలోపు కథ తెలియాలి

వేసవి సెలవుల్లో పిల్లల్ని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు తీసుకెళ్లే కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. లేపాక్షి బసవన్న ముందు ఫోటో, పెనుకొండ కోట, ధర్మవరంలో పట్టుచీరల బేరం, పుట్టపర్తి దర్శనంతో ప్రయాణం పూర్తవుతుంది. ఈసారి ఒక్క రాత్రి పద్యనాటకానికి కేటాయించండి.

ధర్మవరం తెలుగు నాటకానికి చిన్న ఊరేమీ కాదు. 1853లో అక్కడ పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో స్థిరపడి, సరసవినోదినీ సభ పెట్టి, 'చిత్రనళీయం', 'విషాద సారంగధర' వంటి నాటకాలు రాసి ఆడారు. ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడన్నారు. పద్యాలతోపాటు పాటల్నీ రంగం మీదికి తెచ్చారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ మాత్రం రాగాలాపన కంటే భావానికీ నటనకూ పెద్దపీట వేశారు. సంగీతం ముందా, మాట ముందా అన్న ఈ తగవు పాశ్చాత్యుల సంగీత నాటకమైన ఒపేరాలోనూ మొదటినుంచీ ఉన్నదే.

మన సభల్లో పద్యనాటకంలోని కృష్ణ రాయబారం ఘట్టం పది నిమిషాలు ఆడించినప్పుడు పిల్లలు ఫోన్లు తీస్తున్నారు. వాళ్లకు ఆసక్తి లేదన్న మాట నేను ఒప్పుకోను. సీస పద్యం మొదటిసారి వినగానే ఎవరికీ అర్థం కాదు. మన తాతలకు నటుడు నోరు తెరవకముందే పద్యం నోటికి వచ్చు. అందుకే ఆయన ఏ మాట దగ్గర ఆగాడు, ఏ సంగతి వేశాడు, హార్మోనియం ఎక్కడ ఆయన్ని అందుకుంది అన్నవి వినగలిగారు, వన్స్‌మోర్ అని అరవగలిగారు. మన పిల్లలకు ఆ ముందస్తు పరిచయం ఇవ్వకుండా కుర్చీలో కూర్చోబెడుతున్నాం.

ముందే అర్థం తెలిస్తేనే వినగలరన్న విషయం ఒపేరా వాళ్లు గుర్తించారు. 1983లో టొరంటోలో 'ఎలెక్ట్రా' ఆడినప్పుడు వేదిక పైన తెర మీద మాటలకు అనువాదం వేశారు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా 2006లో మోజార్ట్ 'మ్యాజిక్ ఫ్లూట్'ను కుదించి, ఇంగ్లిషులో పిల్లల కోసం ఆడించింది. కళ స్థాయి తగ్గించకుండానే దారి సుగమం చేశారు.

మరీ చిన్నపిల్లలైతే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటతో మొదలుపెట్టండి. 2020లో పద్మశ్రీ అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుది ఆ ఊరే. మేక తోలును పలచగా, వెలుగు పారేలా చేసి, చిన్న ఉలితో చిల్లులు కొట్టి రంగులు దిద్దుతారు. నగల మెరుపంతా ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే. ఆటలో తెర వెనక మనిషి బొమ్మ ఆడిస్తూనే పద్యం పాడతాడు, యుద్ధం వచ్చేసరికి కాలికింద చెక్కను టకటకా తొక్కుతాడు. పిల్లల్ని కాసేపు తెర వెనక కూడా కూర్చోబెట్టమని అడగండి. పాట, కథ, బొమ్మ మూడూ కలిసి నడవడం అక్కడే కళ్లారా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ కుటుంబాలకు కూడు పెడుతున్నది ఎక్కువగా దీపాల తొడుగులు, గోడ బొమ్మలే. కొనండి, కానీ ఆట కూడా అడిగి ఆడించుకోండి. అడిగేవాళ్లు లేకపోతే పాడేవాళ్లు మిగలరు.

పెద్ద పిల్లలకు తిరుపతి వేంకట కవుల పడక సీను చాలు. కృష్ణుడు నిద్ర నటిస్తున్నాడు, యుద్ధంలో సాయం కోరి వచ్చి తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. సైన్యం కావాలా, ఆయుధం పట్టని కృష్ణుడు కావాలా? నువ్వైతే ఏది కోరుకుంటావని పిల్లల్ని అడిగి చూడండి, గంటసేపు వాదించుకుంటారు. ఆ తర్వాత మూడే మూడు పద్యాలు పదాలు విడదీసి చెప్పి, నాటకానికి తీసుకెళ్లండి.

వచ్చే ఉగాదికి ఆ సీను ముక్కలు చేయకుండా పూర్తిగా ఆడించాలని, పద్యాలు భావంతో సహా తెర మీద వేయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. హార్మోనియం వాయించేవారు, పద్యాలు నోటికి వచ్చిన పెద్దలు ఇప్పుడే ముందుకు రండి. తెర మీద పద్యపాదాలు మార్చే పని హైస్కూలు పిల్లలకే ఇద్దాం. ఏ క్షణాన మార్చాలో తెలియాలంటే పద్యం చివరిదాకా వినక తప్పదు వాళ్లకు.