గ్రహశకలమునకు శాంతి యున్నదా?

హైదరాబాదు చైతన్యపురిలో ఫణిగిరి కాలనీ చెంత, మూసీ యొడ్డున, నరసింహస్వామి కోవెల యున్న కోసగుండ్ల గుట్టమీద విష్ణుకుండుల కాలపు ప్రాకృత శాసన మొకటి కలదు. పిండపాతికులను బౌద్ధభిక్షువులను, గోవిందరాజ విహారమును అది పేర్కొనుచున్నది. ఆ భిక్షువుల మతగ్రంథములలో బ్రహ్మజాల సుత్తము, గ్రహణములు పట్టునని, ఉల్కలు రాలునని, వానివలన ఇట్టి ఫలములు కలుగునని చెప్పి పొట్ట పోసికొనుటను నీచవిద్యలలో జేర్చి శ్రమణులకు నిషేధించినది. నేడు ఆ గుట్టకు అనతిదూరమున, దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ దాక, మెట్రో స్తంభముల వెంబడి, కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ, జాతకములు చూచి గ్రహశాంతి చేయింతుమను బోర్డులు నిర్భయముగా వ్రేలాడుచున్నవి. భిక్షువులు పోయిరి, వారు వలదన్న వృత్తి మాత్రము వర్ధిల్లినది.

1962 ఫిబ్రవరి మొదటి వారమున మకరరాశిలో అష్టగ్రహకూటమి యేర్పడుచున్నదనియు, ప్రళయము తప్పదనియు దేశమంతట భీతి వ్యాపింపగా, ఊరూర యజ్ఞములు జరిగినవి, నేయి నిప్పుల పాలైనది, ప్రళయము రాలేదు. యజ్ఞఫలముననే ఆగినదని కొందరనిరి. ఆ యేడు అక్టోబరులో చైనాతో యుద్ధము రాగా, కూటమి ఫలితము ఇదియే యన్నవారును లేకపోలేదు. ఆపద రాకున్న శాంతి ఫలించినట్లు, వచ్చిన జోస్యము ఫలించినట్లు! ఓడుట కవకాశమే లేని యీ పందెమున గెలుపునకు విలువ యేమి?

1979లో నాసావారి అంతరిక్షకేంద్రము స్కైలాబ్ పడునన్నపుడు మన తెలంగాణ పల్లెలలో మేకలను, కోళ్లను కోసికొని కడపటి విందులు చేసికొన్నవారిని చూచి నవ్వుట నాకు సమ్మతము కాదు. పడుచున్నది నిజమైన యంత్రము, డెబ్బదియేడు టన్నులది; ఎచ్చట పడునో నాసాకే నిశ్చయముగా తెలియదు. మనుష్యులలో ఎవరికో యొకరికి దెబ్బ తగులు సంభావ్యత 152లో ఒక వంతని లెక్క కట్టిరి. లోకమున నున్న నాలుగువందల కోట్ల పైచిలుకు జనులకు దానిని పంచినచో, ఒక్కొక్కని వంతు అరువదివేల కోట్లలో ఒకటికి మించదు. ఈ భాగహారమును తెలుగులో చెప్పువారు లేకపోయిరి. అదియే ఆ పల్లెల దౌర్భాగ్యము. జూలై 11న అది హిందూమహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను శకలములై పడినది.

ఇటీవలి ముచ్చట మరింత బోధకమైనది. 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ దూరదర్శిని 2024 వైఆర్4 అను గ్రహశకలమును కనుగొన్నది. అడ్డము సుమారు 60 మీటర్లు. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకు సంభావ్యత 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతమునకు పెరిగి, పడదగిన చోట్ల వరుసలో దక్షిణాసియా కూడ చేరి, నెల ముగియకమునుపే దాదాపు శూన్యమునకు దిగినది. ‘శాస్త్రజ్ఞులకే స్థిరమైన మాట లేదు’ అని నాతో వాదించినవారున్నారు. కారణము విన్నచో అట్లనరు. కక్ష్య తెలిసినకొలది, శకలము పోదగిన చోట్లను చూపు అనిశ్చితి పట్టీ కుంచించుకొనును. పట్టీ చిన్నదగుచు, భూమి యింకను దానిలోనే యున్నంతకాలము శాతము హెచ్చును. పట్టీ అంచు భూమిని దాటి యావలికి జరిగినంతనే శాతము కూలిపోవును. ఆ హెచ్చుతగ్గులను వారు బహిరంగముగా ప్రకటించిరి. తన జోస్యమును ఇట్లు లోకము నెదుట దిద్దుకొన్న జ్యోతిష్కుని నేనింతవరకు చూడలేదు.

ఇక నివారణ మాట. 2022 సెప్టెంబరు 26న డార్ట్ అను వ్యోమనౌక, గంటకు ఇరువదిరెండువేల కిలోమీటర్ల వేగముతో, 160 మీటర్ల గ్రహశకలము డైమార్ఫాస్‌ను ఢీకొట్టినది. అది తన జంట శకలము చుట్టును 11 గంటల 55 నిమిషములకు ఒకమారు తిరుగుచుండెను. ఆ కాలము కనీసము 73 సెకనులు మారినగాని ప్రయోగము సఫలము కాదని ముందే చాటిరి. మారినది సుమారు 32 నిమిషములు. అయినను రక్షణ సిద్ధించినదని విఱ్ఱవీగరాదు. సంవత్సరములు ముందుగా కనుగొన్న శకలమునకే ఈ చిన్నత్రోపు చాలును. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన ఇరువది మీటర్ల శకలము సూర్యుని దిక్కునుండి వచ్చుటచే ఎవరికిని ముందు కనబడలేదు. వెలుగు చూడ కిటికీలకడకు చేరినవారికి, నిమిషము దాటిన పిదప వచ్చిన ఆఘాతతరంగము అద్దములు పగులగొట్టి గాయములు చేసెను; క్షతగాత్రులు సుమారు 1,500 మంది. ఆకాశమున పెనువెలుగు మెరసినపుడు కిటికీకి దూరముగా నుండవలెనన్నది మన యిండ్లలో నేర్పదగిన ఆచారము. గ్రహణమునాడు ఊరగాయ జాడీపై దర్భ వేయుట కాదు.

2029 ఏప్రిల్ 13 శుక్రవారము. ఆ రాత్రి గడచి, మన కాలమానమున 14 తెల్లవారుజామున మూడుగంటలు దాటిన పిమ్మట, మూడువందల మీటర్లకు మించిన అపోఫిస్ అను గ్రహశకలము, టీవీ ఉపగ్రహముల కక్ష్యకంటెను దిగువగా, సుమారు 32,000 కిలోమీటర్ల దూరమున భూమిని దాటిపోవును. రాబోవు నూరేండ్లు దానివలన భయము లేదని 2021లో రాడార్ పరిశీలనలు తేల్చినవి. కాని ఆ రాత్రి అమావాస్య. టీవీ పండితులకు ఇంతకంటె ఏమి కావలెను! చుక్కలు చూచువారికి ఆ చీకటియే వరము. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణమునకు జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు ఆకాశమును కొలుచుచుండగా, హైదరాబాదు జనులు తలుపులు బిగించుకొని కూర్చుండిరి. ఈమారు అట్లు చేయకుడు. శాంతి చేయించుకొమ్మని ఎవరైన మీకడకు వచ్చినచో, రుసుము ఇచ్చుటకు మునుపు, తమ శాంతిచే అపోఫిస్ ఎన్ని కిలోమీటర్లు తొలగునో కాగితముపై వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి యిమ్మని అడుగుడు.