గోడకు అంగీ తొడిగితే తడి ఆరుతుందా?

మాది బీచుపల్లి. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణ దాటేది ఇక్కడే. ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చే చుట్టాలందరికీ మా ఇల్లే మజిలీ. అందుకే మా ఇంట్లో గోడలు ఎలా కనిపిస్తున్నాయన్నది ఎప్పుడూ పెద్ద విషయమే. ఆ గోడ పక్కన పడుకునే మనిషి ఎలా ఉందన్నది ఆ తర్వాతి మాట.

పడమటి గది మా అత్తమ్మది. మామయ్య కట్టించిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ. గుండు వేలాడదీసి చూస్తే పైకీ కిందికీ అంగుళంన్నర తేడా. ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉంటుంది. వానాకాలం వస్తే కింద రెండడుగుల మేర చెమ్మ, తెల్లగా ఉప్పు పూత. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు చుట్టాలొస్తారని సిమెంటు పూయించి రంగు వేయించాం. రెండేళ్లు తిరగకుండానే పొక్కులు లేచాయి. చెమ్మ ఇంకో అడుగు పైకి పాకింది. అత్తమ్మ దగ్గు కూడా ముదిరింది.

ఈసారి అమ్మాయి నిశ్చితార్థం. మావారు జిప్సం బోర్డు మాట తెచ్చారు. రెండు రోజుల్లో గోడ నున్నగా అయిపోతుంది, వేడీ తగ్గుతుందన్నారు. పనివాడొచ్చి రెండు పద్ధతులు చెప్పాడు. గోడ మరీ వంకర లేకపోతే ముద్దలు ముద్దలుగా మసాలా పెట్టి బోర్డు అంటించడం ఒకటి. ఇనుప చానెళ్లతో ఫ్రేము నిలబెట్టి, మధ్యలో గాజు ఉన్నో, రాతి ఉన్నో నింపి బోర్డు బిగించడం రెండోది. మా గోడకు రెండోదే కుదురుతుందట. గది మూడంగుళాల పైనే తగ్గుతుంది.

అత్తమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "గోడకు అంగీ తొడిగితే లోపలి తడి ఆరుతదా బిడ్డా? నా దీపం గూడు యాడికి పోతది?"

ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకూ లేదు. అప్పుడే కాస్త చదివాను, మేస్త్రీని అడిగాను.

బోర్డు చెడ్డదని నేననను. వంకర గోడను చెక్కకుండా సరిచేయడానికి అది మంచి ఉపాయమే. అయితే పన్నెండున్నర మిల్లీమీటర్ల బోర్డు ఒక్కటే వేడిని పెద్దగా ఆపదు. ఆపేది వెనక నింపే ఉన్ని. తడి గోడ ముందు పెడితే ఆ ఉన్ని నీరు పట్టి పనికిరాకుండా పోతుంది. బోర్డుకు రెండు వైపులా కాగితమే కదా, చీకట్లో బూజు పట్టడానికి అంతకంటే ఏం కావాలి? చెదలకూ కాగితం ఇష్టమే. ఇంతకుముందు బూజు కళ్లకు కనిపించేది, తుడిచేవాళ్లం. ఇకపై కనిపించదు. అత్తమ్మ మాత్రం ఆ గాలే పీల్చాలి.

ముందు చెమ్మ ఎక్కడిదో చూద్దామని, గోడ మీద పాలిథిన్ కాగితం పెట్టి నాలుగంచులా టేపు వేసి రెండు రోజులు వదిలేశాను. కాగితం వెనకవైపు, అంటే గోడవైపు, నీటిబొట్లు పట్టాయి. తడి గోడలోంచే వస్తోందన్నమాట. బయట చూస్తే సిమెంటు రోడ్డు మా గడప కంటే ఎత్తయింది. వాన నీళ్లూ, స్నానాల గది నీళ్లూ గోడ మొదట్లోనే నిలుస్తున్నాయి. ఇన్నేళ్లూ రోజూ ఆ నీళ్లు దాటుకుంటూ తిరిగినదాన్ని, నాకూ తట్టలేదు!

మావారితో రెండు వారాలు మాటల్లేవు. చివరికి కాలువ దూరంగా మళ్లించాం. సిమెంటు పూత మూడడుగుల వరకు కొట్టేసి, ఉప్పు గీకి, గోడను ఆరనిచ్చాం. నిశ్చితార్థం నాటికి ఇటుకలు బయటికి కనబడుతూనే ఉన్నాయి. వియ్యపురాలు "ఇదేంది వదినా?" అంటే, అత్తమ్మే "ఆరబెట్టినమమ్మా" అంది. అంతే, ఎవరూ మళ్లీ అడగలేదు.

ఎండాకాలం పోయాక సున్నపు గచ్చు పూయించాం. దానిలోంచి గోడ తడి బయటికి పోగలదు. వంకర అలాగే ఉంది, గూడూ అలాగే ఉంది. బయటివైపు తెల్లసున్నం వేసి చిక్కుడు పందిరి పాకించాం, ఎండను గోడ మీద పడకముందే ఆపడం మేలు కదా. చెమ్మ లేని పైగదికి మాత్రం ఉన్ని నింపి బోర్డు వేయించాం. అక్కడ బాగుంది.

మీ ఇంట్లో బోర్డు మాట వస్తే, ధర అడిగే ముందు ఒక పాలిథిన్ కాగితం అంటించి చూడండి. ఆ గదిలో పడుకునే మనిషిని కూడా ఒక మాట అడగండి. చుట్టాలు పూట ఉండి పోతారు. అత్తమ్మ రోజూ అక్కడే పడుకోవాలి.